అతికిన పుటకు అవతలి వైపు

పత్రికలనుండి తీసి దాచిన అచ్చుపుటలను చేతితో కుట్టిన పుస్తకమొకదానియందు అతికించు పని కొంతకాలముగా నా సాయంకాలములను ఆక్రమించుకొన్నది. పని చిన్నది, చేతులకే గాని మనసునకు ఇందు పాలులేదని మొదట తలచితిని. అయినను, ఆరిన ఆకును వెలుతురునకెత్తి గాలిబుడగలేవైన మిగిలినవేమో అని పరీక్షించునప్పుడెల్ల, పద్యపు పంక్తుల నడిమి తెల్లని చోట్లలో, కుడియెడమలు తారుమారైన మరియొక అక్షరశ్రేణి మిక్కిలి పలుచగా పొడసూపుచుండును. అది ఆ కాగితపు వెనుకటి అచ్చు. లై పీల్చుకొన్న పత్రికాకాగితము కొంత పారదర్శకమగును గనుక ఆ ఛాయ పైకి తేలివచ్చును. చదువుటకు యత్నింతును; ఒక తలకట్టు చిక్కును, ఒక కొమ్ము చిక్కును, మాట మాత్రము చిక్కదు. సున్నయొక్కటే ఎటునుండి చూచినను సున్నగా నిలుచును. అచ్చట ఏమున్నదో అతికించుటకు ముందు నేను చదివియే యుందును. ఇప్పుడది జ్ఞప్తికి రాదు. ఒక ముఖమును కాపాడుటకై రెండవ ముఖమును కనుమరుగు చేయుట కాపాడుట యగునా? ఈ సంశయము పని ముగించి చేతులు కడుగుకొన్న తరువాత కూడ నన్ను విడుచుట లేదు.

మా యింటికి ఈ వ్యాసంగము క్రొత్తది కాదు. మద్రాసునుండి వెలువడు వారపత్రికలు ఊరి తపాలాఫీసునకు చేరిన నాడు ముందుగా పెదనాన్నగారును, పిదప పెద్దమ్మయు, అటుపిమ్మట ఇరుగుపొరుగు ఇండ్లవారును చదివి, చేతులు మారి మారి నలిగిన ఆ సంచిక మరల ఇల్లు చేరినంతట, తమకు నచ్చిన ధారావాహికయున్న ఆకులను మాత్రము పెదనాన్నగారు కొలబద్ద ఆనించి మెల్లగా చింపి, చెక్కబీరువా పై అరలో వరుస తప్పకుండ పేర్చెడివారు. ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన ముళ్ళపూడి వేంకటరమణగారి బుడుగు, బాపుగారి బొమ్మలతో కూడ, మా యింట మొదట అట్లు చింపిన ఆకులరూపముననే ఉండెడిది. రచన ముగిసిన పిమ్మట ఆ కట్ట దఫ్తరీయొద్దకు పోయి, క్యాలికో వీపుతోను మొద్దు అట్టతోను తిరిగి వచ్చెడిది. వేసవి సెలవులలో ఆ సంపుటములే నా గ్రంథాలయము. అయితే నేను వానిని చదివినది ఆ నవలలకొరకేనా అని ఇప్పుడు సందేహము కలుగుచున్నది. నవల ఆగినచోట పుట అడుగున ఒక నవ్వుబొమ్మ, ప్రక్క నిలువుబద్దలో అమృతాంజనము ప్రకటన, వెనుక ముఖమున మరియెవరిదో కథ నడుమనుండి మొదలై నడుమనే తెగిపోవుట, గడినుడి ఆధారములుండి గడులు లేకపోవుట, ఇట్టివి నన్ను నవలలకంటె ఎక్కువగా పట్టి నిలిపెడివి. పడవ రేవు దాటి వచ్చిన యొక స్త్రీ తలుపు తట్టుచుండగా తెగిపోయిన కథ యొకటి నాకిప్పటికిని గుర్తు. తలుపెవరు తీసిరో తెలియదు. తీసినవారిని నేను ఎందరినో కల్పించుకొంటిని. ఒక సెలవులలో తండ్రి, మరియొక సెలవులలో భర్త, కొంచెము పెద్దవాడనైన తరువాత ఎవరును తీయకపోవుట. ఆ కథ పూర్తిగా దొరకియుండినచో ఒక్కసారి చదివి మరచియుందును కాబోలు. పెదనాన్నగారు ఆకులను కుట్టించిరే గాని అతికింపలేదు గనుక, ఆయన కోరని ఆ కథలన్నియు ఆయన కోరిన కథల వీపుమీద ఎక్కి నాదాక వచ్చినవి.

మేనత్త పద్ధతి వేరు. ఆమెకు కథలతో పనిలేదు, బొమ్మలు కావలెను. వడ్డాది పాపయ్యగారు చందమామ, యువ పత్రికలకు చిత్రించిన స్త్రీమూర్తులను, ఋతువులను, రాగిణులను ఆమె కత్తెరతో ఒడుపుగా తీసి, లెక్కల పుస్తకమంత వెడల్పుగల తెల్లకాగితపు పుస్తకమున అతికించెడిది. ఆ దినమున వంటయింట లై కాచుట ఒక ఉత్సవము. జల్లించిన మైదాను మొదట చన్నీళ్లలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగమీద పెట్టి, గరిటె ఆపక త్రిప్పుచుండగా, తెల్లని పిండినీరు చూచుచుండగానే చిక్కబడి, తెలుపు తగ్గి, మెరుపు తిరిగిన గంజియగును. "అడుగంటుతోందిరా, చెయ్యాపకు" అని ఆమె వెనుకనుండి హెచ్చరించెడిది. దింపునప్పుడు చిటికెడు మైలుతుత్తము, ఆ మీదట పలుచని గుడ్డలో వడపోత. ఆ నీలిచాయ లైయొక్క వాసన ఇన్ని యేండ్ల తరువాత నా గిన్నెనుండి మరల లేచినప్పుడు మేనత్త చేతిగాజుల చప్పుడు కూడ వినవచ్చినట్లయినది. మైదాయే గతియని కాదు. తుమ్మబంకతో అతికించువారు ఉండిరి; చింతగింజల అంబలి అంతకంటె బలమైనది. చేర్యాల నకాషీ చిత్రకారులు కథలు చెప్పు గుడ్డపటమును బిగువు చేయుటకు వాడునదియు చింతగింజల అంబలియే. కొండపల్లి బొమ్మల అవయవములను కూర్చి నునుపు దిద్దు మక్కులో రంపపుపొట్టుతో కలియునదియు ఆ గింజల పొడియే. తెలుగుదేశపు కళలలో ఎన్నియో చింతచెట్టు నీడన ఒకదానినొకటి పట్టుకొని నిలిచినవని చెప్పవచ్చును. కాని పత్రికాకాగితమునకు చింతగింజల పట్టు మితిమీరినది. దానికి పలుచని లై చాలును.

చేతిపని తెలిసినవారికి ఇందలి చిక్కులు చెప్పనక్కరలేదు గాని, నాకవి ఇప్పుడిప్పుడే ప్రియమగుచున్నవి. తడిసిన కాగితము పెరుగును. అన్నివైపుల సమముగా పెరుగదు. యంత్రముమీద కాగితము తయారగునప్పుడు నారలు ఏ దిక్కుగా సాగియుండునో ఆ దిక్కున తక్కువగాను, దానికి అడ్డముగా ఎక్కువగాను వ్యాపించును. అతికించు పుట నారయు క్రింది యాకు నారయు ఒకే దిక్కున లేనియెడల ఆరునప్పుడు రెండును చెరియొకవైపునకు లాగి, ఆకు వంకరలు తిరుగును. అందుచే లై పూసిన తరువాత తొందరపడక, కాగితము నీరు త్రాగి తన పెరుగుదల తాను ముగించుకొనువరకు వేచి, అప్పుడు దించి, నడుమనుండి అంచులకు మెత్తని గుడ్డతో ఒత్తి, మైనపుకాగితము నడుమనుంచి, బరువుక్రింద రాత్రియంతయు ఉంచవలెను. మరియొక రహస్యము దఫ్తరీ చెప్పినది. అతికించిన పుటలతో పుస్తకము ముందువైపున లావెక్కి నోరు తెరచికొనును గనుక, కుట్టునప్పుడే ఆకుల నడుమ వీపువైపున సన్నని కాగితపు పట్టీలు చేర్చి కుట్టవలెను. రాబోవు బరువునకు ముందే చోటుంచుట యన్నమాట. ఇంకను రాని పుటలకొరకు ఖాళీస్థలమును కుట్టి పెట్టుట ఎంత ఔదార్యముగల యాలోచన! ఈ పట్టీల సంగతి ఎరిగినది మొదలు, పాత ఆల్బమును ఎచ్చట చూచినను మొదట దాని వీపునే చూచుచున్నాను.

పుటకు రెండు ముఖములుండుట నావంటి వానికి ఇప్పుడు తోచిన కష్టమా, మునుపు ఎవరికైన తోచినదా అని వెదకగా, మొగలాయీ చక్రవర్తుల చిత్రసంపుటములు నా కంటబడినవి. మురక్కా అనబడు ఆ సంపుటములలో చిత్రములను, నస్తాలీఖు లిపి వ్రాతలను ఏరి తెచ్చి, పలు కాగితములను పొరలుగా అతికి తయారుచేసిన గట్టి ఆకులపై నిలిపి, చుట్టును బంగారుపూతల అంచులు దిద్దెడివారు. ఆకునకు ఒకవైపు చిత్రము, రెండవవైపు వ్రాత. పుస్తకము తెరచినపుడు రెండు చిత్రములు ఎదురెదురుగా, ఆకు త్రిప్పినపుడు రెండు వ్రాతలు ఎదురెదురుగా ఉండునట్లు కూర్చెడివారు. మొగలాయీ రాకుమారుడు దారా షికో తన భార్య నాదిరా బేగమునకు కానుకగా నిచ్చిన సంపుటమొకటి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున నున్నది. ఆ కూర్పరులు వెనుకవైపు అను మాటకే తావులేకుండ చేసిరి, ఆకు ఎటు త్రిప్పినను ముఖమే. ఎంత సుందరమైన పరిష్కారము! అయితే ఆ చిత్రపు అసలు వీపు, ఆ వ్రాతకాగితపు అసలు వీపు, పొరల నడుమ చీకటిలోనే యున్నవి గదా. సౌందర్యమునకు ఆ చీకటి వెలగా ఇచ్చిరి.

ఇంతకంటె నన్ను కదిలించినది అమెరికా మాజీ రాష్ట్రపతి థామస్ జెఫర్సన్ చేసిన పని. 1820 నాటికి ఆయన వయసు డెబ్బదియేడు. క్రీస్తు జీవితమును, ఉపదేశమును మాత్రము గ్రహించి, మహిమలను విడిచి, సువార్తలనుండి తనకు సమ్మతమైన వాక్యములను కత్తితో కోసి, గ్రీకు, లాటిను, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో నిలువు వరుసలుగా ఖాళీకాగితములపై అతికించి, ఎఱ్ఱని తోలుతో బైండు చేయించుకొనెను. అందుకొరకు ఆయన ఒక్కొక్క ముద్రణకు రెండేసి ప్రతులు సంపాదించెను. ఏల? పుటకు ఇరువైపుల కావలసిన వాక్యములున్నచో ఒకటి కోసి అతికించినంతనే రెండవది పోవును గనుక. ఈ చిన్న యేర్పాటును చదివినప్పుడు ఆ వృద్ధుడు నాకు బంధువైనట్లు తోచినది. ఆయన మతాభిప్రాయములను గూర్చి పండితులు చర్చింతురు గాక. అవతలి ముఖమును ముందుగా తలచినవాడని నేను ఆయనను గౌరవింతును. నాకు రెండవ ప్రతి లేదు. 1924లో వెలువడిన భారతి తొలి సంచికకు గాని, వారపత్రికలోని ఒక మారుమూల పద్యమునకు గాని రెండవ ప్రతిని ఎచ్చట తెత్తును? 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు పాత పత్రికల సంపుటములను కాపాడుచున్నవి గనుక, చదువుకొనవలెనన్నచో ప్రయాణము చేసి చదువుకొనవచ్చును. ఇంటిలో ఉన్న యాకు మాత్రము ఒక్కటియే.

ఆ యొక్క ఆకును పట్టియుంచుట యైనను సాధ్యమా? పత్రికాకాగితము దీర్ఘాయువు కొరకు పుట్టినది కాదు. చింకిగుడ్డల గుజ్జునుండి చేసిన పూర్వపు కాగితము శతాబ్దములు నిలిచినది; కొయ్యను యంత్రమున నూరి చేసిన కాగితమున కొయ్యలోని లిగ్నిన్ అను ద్రవ్యము మిగిలియుండి, వెలుతురు సోకినకొలది పచ్చబడి, ఆమ్లము పుట్టించి, నారలను తనలో తానే తినివేయును. మధ్యప్రదేశమున నేపానగరులో తయారైన స్వదేశపు కాగితమైనను, ఓడలలో వచ్చిన విదేశపు కాగితమైనను గతి ఒక్కటే. దీనికి తోడు నేను పూయు లై ఆహారపదార్థము. మనకు జిగురైనది పురుగునకు భోజనము. పుస్తకములు తొలుచు రామబాణపు పురుగు అట్ట అతికిన చోటనే ముందుగా ప్రవేశించుటకు కారణమదియే. అందుకని మైలుతుత్తము కలిపితిమి. అది పురుగును దూరముంచును గాని, అందలి తామ్రము కాలక్రమమున కాగితమును పెళుసుపరచునని ఈ కాలపు సంరక్షకులు దానిని విడిచిరి. కాపాడుటకై చేయు ప్రతి పనియు తన హానిని తన కొంగున కట్టుకొని వచ్చుట చూచి నేను కొన్ని దినములు లై గిన్నె ముట్టలేదు. తాటియాకు గ్రంథములు గుర్తునకు వచ్చినవి. వానియందు జిగురు లేదు. రెండు చెక్కపలకల నడుమ ఆకులు, వానికి రంధ్రము, రంధ్రమున ఒక త్రాడు. ఇరువైపుల గంటము నడచును, ఇరువైపుల చదువవచ్చును. ఆకు విరిగినచో త్రాడు విప్పి, క్రొత్త ఆకున ఆ భాగము వ్రాసి, మరల దూర్చవచ్చును. మన పూర్వులు గ్రంథమును విప్పదగినదిగా కట్టిరి.

విప్పుటకు వీలులేని కట్టు ఎట్టిదో లోకము వేరొకచోట నేర్చుకొన్నది. 1947 మొదలు మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలలో దొరకిన ప్రాచీన తోలుచుట్టల తునకలను 1950ల దశకమున యెరూషలేములో పండితులు గాజుపలకల నడుమ పేర్చి, తునకను తునకతో అంటుటేపుతో జోడించిరి. వారు అజ్ఞానులు కారు, ప్రేమలేనివారును కారు. అప్పటికి టేపు సులభమైనది, శుభ్రమైనది, వెంటనే చదువుటకు వీలిచ్చునది. కాలము గడచినకొలది ఆ టేపు బంక తోలులోనికి దిగి, అంచులను నల్లబరచి, అక్షరములపైకి ప్రాకెను. 1991 నుండి అక్కడి పురావస్తు శాఖ ప్రయోగశాలలో సంరక్షకులు ఏండ్లతరబడి చేసిన పనిలో ముఖ్యభాగము ఆ టేపును ఊడదీయుటయే. రెండు వేల యేండ్లు గుహలోని చీకటికి, పొడికి ఓర్చుకొన్న తోలు, కొన్ని యేండ్ల అంటుబంకకు ఓర్వలేకపోయినది. ఆ దశాబ్దములలోనే కాగితమును ప్లాస్టిక్ పొరలో మూసివేయు పద్ధతి కూడ ప్రబలినది. వర్జీనియాలో విలియం బారో 1930ల దశకమున సెల్యులోజ్ అసిటేట్ పొరలను వేడిచేతను ఒత్తిడిచేతను పత్రమునకు ఇరువైపుల అతుకు యంత్రమును సిద్ధపరచెను. ఢిల్లీలోని మన జాతీయ అభిలేఖాలయము 1950ల దశకమున, యంత్రములు కొనలేని భాండాగారముల సౌకర్యార్థమై, అసిటోనులో తడిపిన దూదితో చేతిమీదనే అతుకు విధానమును రూపొందించెను. పేదదేశపు బుద్ధిసూక్ష్మతకు అది నిదర్శనమని ఇప్పటికిని నా విశ్వాసము. ఎన్నియో శిథిలపత్రములు దానివలన చేతులు మారుటకు ఓపిక తెచ్చుకొన్నవి. అయినను ఆ పొర తానే కాలక్రమమున ఆమ్లమును విడుచుటయు, కాగితమునుండి దానిని వేరుచేయుట ప్రాణాంతకమగుటయు తెలిసిన పిమ్మట భాండాగారములు ఆ పద్ధతిని విడిచినవి. మన రాజ్యాంగపు మూలప్రతిని పార్లమెంటు గ్రంథాలయమున ప్రాణవాయువును తొలగించిన గాజుపేటికలో మూసియుంచిరి. కాగితమునకేమియు అంటలేదు, మూసినది దాని చుట్టునున్న గాలిని. ఈ భేదము నాకు మిక్కిలి పెద్దదిగా తోచును.

ఇవన్నియు చదివిన తరువాత నాకు మనశ్శాంతినిచ్చినది జపాను పటములు కూర్చు పనివారి గిన్నె. వారు గోధుమపిండి గంజిని నడి చలికాలమున కాచి, కుండలలో పోసి, చల్లని చీకటిచోట పదియేండ్ల వరకు పాతబెట్టుదురు. అంతకాలమునకు అది బలము పెంచుకొనదు, బలము పోగొట్టుకొనును. అట్టి పాతలైతో పటమునకు వెనుక కాగితములను పొరలుగా అతికింతురు. పట్టు తక్కువ గనుక పటము చుట్టినప్పుడు మెత్తగా వంగును, శతాబ్దము గడచి వెనుక కాగితము చెడినప్పుడు మనుమల కాలపు పనివాడు నీటితో తడిపి సుకుమారముగా ఊడదీసి క్రొత్తది చేర్చగలుగును. జిగురును బలహీనపరచుటకు పదియేండ్లు వేచియుండు మనస్సు ఎట్టిదై యుండును? తాను చేసిన పని తన తరువాతివాడు విప్పవలసి వచ్చునని ఎరిగి, ఆ దినమున వానిచేయి వణకకుండునట్లు ఇప్పుడే ఏర్పాటు చేసిపెట్టు మనస్సు. మనుష్యులు ఒకరినొకరు పట్టియుంచుకొను తీరులను ఈ కొలమానముతో చూచినచో ఏమగును అని నేను అప్పుడప్పుడు ఆలోచింతును. పెదనాన్నగారు మమ్ములను పట్టిన పట్టు అట్టిదే అనిపించును. దూరదేశములకు పోవువారిని ఆయన ఆపలేదు. పోయినవారి జాబులను మాత్రము పోగుచేసి దారముతో కట్టి ఉంచిరి. ఈ పోలికను ఎక్కువదూరము లాగుట తగదేమో, కాగితము కాగితమే. అయినను లై కలుపుచున్నప్పుడు చేయి తనంత తాను నీరెక్కువ పోయుచున్నది.

ఇప్పుడు నేను పుటలను వేరుచేసి చూచుచున్నాను. వెనుక కేవలము బట్టలకొట్టు ప్రకటన ఉన్నదనుకొని ఒకదానిని పూర్తిగా అతికింపబోయి, దానిలో ఆనాటి చీర ధరయు, వీధిపేరును, టెలిఫోను అంకెయు చూచి ఆగిపోవుదును. ఈ వివరము ఏ పద్యములోను దొరకదు గదా! అట్టి ఆకులను పైయంచున సన్నని లైగీత పూసి, బడులలో పటములు వ్రేలాడదీసినట్లు ఒక యంచునకే అతికించి, మిగిలినది విడిచిపెట్టుచున్నాను. ఎత్తి వెనుక చదువుకొనవచ్చును. ఈ పద్ధతికి విరుద్ధముగా చెప్పవలసినదియు కలదు. పత్రికాకాగితము పెళుసు, ఒక యంచున నిలిచిన ఆకు ప్రతి సారియు ఎత్తగా ఎత్తగా ఆ మడతచోటనే తెగును, పూర్తిగా అతికినది చూచువానికి సగమే ఇచ్చినను ఆ సగమును ఎక్కువకాలము ఇచ్చును. మేనత్త పుస్తకమున బొమ్మలన్నియు వీపు కోల్పోయినవే, కాని రంగు చెడక, అంచు చినుగక ఈనాటికిని ఉన్నవి. పెదనాన్నగారి సంపుటములలో ఆకులు కుట్టువద్ద విరిగి ఒక్కొక్కటిగా రాలుచున్నవి. వీరిలో ఎవరు ఎక్కువ దాచినట్లు? నేను నిర్ణయింపలేను. అందుచేతనే బొమ్మలను మేనత్త తీరునను, రచనలను పెదనాన్నగారి తీరునను ఉంచుచున్నాను. మూయుటకు వార్నీషు పూయను, ప్లాస్టిక్ వేయింపను. ఊరిలోని లామినేషను దుకాణపు కుఱ్ఱవాడు, "ఇచ్చెయ్యండి మాస్టారూ, ఐదు నిమిషాల్లో నీళ్లు పోసినా చెక్కుచెదరకుండా చేసిస్తాను" అని ఆదరముతో అడిగినాడు. వాని మాట నిజమే. తడవని కాగితమును మరల విప్పలేమని వానికి చెప్పితిని. విప్పవలసిన అవసరమేమని వాడు ఆశ్చర్యపడెను.

రెండవ సంపుటమునకు కాగితములు దఫ్తరీయొద్ద పెట్టితిని. ఒక యంచున అతికిన ఆకులు చోటెక్కువ కోరును గనుక, ఈ మారు పట్టీలు రెట్టింపు చేర్చి కుట్టుమని చెప్పగా ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి కట్టను బొటనవ్రేలితో కొలిచి, "పుస్తకం బాగా లావెక్కుతుందండీ. ఈ అట్ట చాలదు, గుడ్డ కూడా మళ్లీ కొయ్యాలి" అనినాడు. కోయుమంటిని.